గజ-16 కింద నా సంతకం

మూతకు 22 రోజులు

సరుకులు అమ్మేవాళ్ళ తెల్లబండ్లు పొద్దున్నే వచ్చి, రెండు నమూనా పెట్టెలు దించి, కింది ఊళ్ళకు వెళ్ళిపోయాయి. ఉగాదికి, మేమంతా కాపురముండే ఈ గని ఇనుప తలుపు మూసేస్తాం. మళ్ళీ తీసేది నూట ఇరవై రోజుల తర్వాత, పైన మనిషి నిలబడగలిగేంతగా ఎండ తగ్గాక. మూతకు ముందురోజు బండ్లు సరుకుతో తిరిగి వస్తాయి. ఏ సరుకు కావాలో ఈలోపు మేము రేడియోలో చెప్పాలి.

ఎర్ర పెట్టెలో ఉన్నది సారంగ-8 అనే కంప్యూటర్ చిప్పు. బూడిదరంగు పెట్టెలో గజ-16. సారంగలో లెక్కలు చేసే కోర్లు ఎనిమిదే, కానీ ఒక్కొక్కటీ మహా చురుకు. గజలో పదహారు. కొంచెం నిదానం, అయితే అందరూ కలిసి బండ లాగినట్టు లాగుతాయి. ఊళ్ళో నలభై యంత్రాలకు ప్రాసెసర్లు మార్చాలి. పాతవాటికి పద్నాలుగేళ్ళు నిండాయి. చెరి ఇరవై తీసుకుందామంటే బండ్లవాళ్ళు కుదరదన్నారు. బోర్డులతో కలిపి ఒకే రకం, ఒకే గంపగుత్త.

పరీక్ష నాది. ఈ నాపరాతి గనిలో పదిహేడేళ్ళుగా చిప్పులు పరీక్షించేది నేనే. నేర్పింది మద్దిలేటి మామ. ఆరో వీధి కప్పు కూలి మా అమ్మా నాయనా పోయిన రోజు మామ నన్ను చెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకుపోయాడు. సుబ్బరత్న అత్త అన్నం కలిపి పెట్టింది. నాకు వాళ్ళు బంధువులు కారు, అయినా అప్పటినుంచి నా ఇల్లు అదే.

బండి దగ్గర పెట్టెలు అందుకుని నా బల్ల మీద పెట్టింది కూడా మామే.

"చౌడీ, నువ్వు చూసిందే రాయి. నేనేమనుకుంటాండానో నన్ను అడగొద్దు" అన్నాడు.

అంతటి పనివాడు అలా పక్కకు తప్పుకున్నాడంటే నాకు ఆయన మీద గౌరవం ఇంకాస్త పెరిగింది.

మూతకు 19 రోజులు

ఆటల పరీక్ష. ఆటల సావిడిలో ఇరవై ఐదు యంత్రాలు ఉన్నాయి. నీళ్ళూ గాలీ లెక్కగట్టుకుని బతికే చోట ఆటలెందుకని ఇప్పుడెవరూ అడగరు. మూడేళ్ళ కింద కరెంటు మిగల్చాలని మూతకాలంలో సావిడి మూసేశాం. డెబ్బై ఒకటో రోజున ఒక జంట అత్యవసర ద్వారం తీసుకుని చెయ్యీ చెయ్యీ పట్టుకుని పైకి నడిచిపోయింది. మూడు వందల అడుగుల దూరంలో దొరికారు. అప్పటినుంచి ఊరి సభ సావిడిని ఆసుపత్రితో సమానంగా చూస్తోంది.

అందరూ ఆడేది వానచేను. కళ్ళద్దాలు పెట్టుకుంటే చుట్టూ తడిసిన చేను, మోకాలెత్తు జొన్న, పైన మబ్బు. కలుపు తీసుకోవచ్చు, గొర్రెలు తోలుకోవచ్చు, ఊరికే తడవచ్చు. సెకనుకు తొంభై ఫ్రేములకు తక్కువైతే కళ్ళు తిరుగుతాయి. వయసు మళ్ళినవాళ్ళు వాంతి చేసుకుంటారు.

సుబ్బరత్న అత్తను కూర్చోబెట్టాను. ముప్పై ఏళ్ళు పలకలు కోసిన మనిషి. ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ము. ఇంట్లో పది అడుగులు వేస్తే ఆయాసం, వానచేనులో మాత్రం గంటసేపు కలుపు తీస్తుంది.

సారంగ: నూట నలభై నాలుగు ఫ్రేములు. గజ: నూట ఎనిమిది.

"మొదటిదాంట్లో నీళ్ళు నిజం నీళ్ళ మాదిరి కదిలినాయి చౌడీ" అంది అత్త, కళ్ళద్దాలు తీసి. "రెండోది కూడా బాగుండాదిలే. మడి కొంచెం బురదగా అనిపిచ్చింది, అంతే."

ఆమె మాట ఉన్నదున్నట్టు రాసుకున్నాను.

మూతకు 15 రోజులు

పని పరీక్ష. గాలిగది దస్తగిరమ్మది. ఊరికి ముప్పై రెండు గాలితలుపులు. ఏది ఎంత తెరవాలో యంత్రం లెక్క చెబుతుంది, ఆమె మనుషులు తెరుస్తారు. ఆ లెక్క పదిహేను నిమిషాల్లోపు రావాలి. దాటితే వీధిలో గాలి అప్పటికే మారిపోయి ఉంటుంది.

పాత యంత్రం మీద పదిహేను. సారంగ మీద పదమూడు. గజ మీద ఏడు.

ఏడు అనగానే దస్తగిరమ్మ కుర్చీలోంచి లేచి తెర దగ్గరికి వచ్చింది. "మళ్ళొకసారి ఆడిచ్చు" అంది. మళ్ళీ నడిపాను. ఏడు.

"చౌడీ, పోయినేడు కొత్తగా కొట్టిన రెండు వీధులకు నేను అందాజుగా తలుపు తీస్తాండా. అవి కూడా కలిపితే పాత యంత్రం పదిహేను దాటిపోతాది. ఎవురికీ చెప్పలేదు. మా మౌలాలికి తప్ప."

మౌలాలి ఆమె భర్త. పద్నాలుగో తలుపు మనిషి. ఆయన పక్కనే నిలబడి నవ్వాడు. "ఈమె అందాజు మీదనే నేను పెండ్లి చేసుకున్యా. ఇంతవరకూ తప్పలేదు" అన్నాడు.

మూతకు 11 రోజులు

విలువ. మా ఊళ్ళో దేని విలువైనా వేడితోనే తూస్తాం. యంత్రం పుట్టించిన ప్రతి వాట్ వేడినీ పంకాలు బయటికి తోయాలి, ఆ పంకాలకు మళ్ళీ కరెంటు కావాలి. సారంగ డెబ్బై వాట్లు తింటుంది, గజ నూట ఇరవై ఐదు. ఇలా చూస్తే సారంగే మేలు.

అప్పుడు గజను కూడా డెబ్బై వాట్లు మించకుండా కట్టేసి చూశాను. ఆటలో తొంభై మూడు ఫ్రేములు. గాలి లెక్క ఎనిమిది నిమిషాలు. ఇంత తక్కువ నష్టమా అని నమ్మకం కుదరక మూడు రోజులు వరసగా నడిపాను. అంకె కదలలేదు. ఒక్క కోరు కూడా తడబడలేదు. ఇంత మంచి చిప్పు నా చేతికి ఎప్పుడూ రాలేదు.

మామ వెనక నిలబడి చూశాడు. "గొలుసేసిన ఏనుగు" అన్నాడు, ఇంకేమీ అనలేదు.

నివేదికలో ఇలా రాశాను. ఆటలకే అయితే సారంగ. పనికే అయితే గజ. రెండూ ఒకే గనిలో, ఒకే పంకాల కింద జరగాలంటే డెబ్బై వాట్లకు కట్టేసిన గజ.

మూతకు 8 రోజులు

సభ. ఊరి పెద్ద హుసేనప్ప నా నివేదికను అందరికీ చదివి వినిపించాడు. పడుచువాళ్ళు సారంగ కావాలని గట్టిగానే అడిగారు. తొంభై మూడంటే అంచున నడవడమే కదా అన్నారు. నిజమే, అంచే. దస్తగిరమ్మ తన అందాజు సంగతి సభలో ఒప్పుకున్నాక మాత్రం సారంగ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

"చౌడేశ్వరీ, నీ సంతకం ఉండాదంటే నాకింగ వేరే మాట లేదు" అని హుసేనప్ప కాగితం నా ముందు పెట్టాడు. సంతకం పెట్టాను. సాక్షిగా మామ సంతకం కూడా అడిగితే ఆయన తల అడ్డంగా తిప్పాడు.

"పరీక్షించింది ఆ పాప. పేరు ఆమెదే ఉండనీ" అన్నాడు.

ఇంటికి నడుస్తున్నంతసేపూ నాకు కాళ్ళు నేలమీద లేవు.

మూతకు 1 రోజు

బండ్లు వచ్చాయి. నలభై గజలు. పై వరసలోంచి మూడు తీసి మామ నా చేతికిచ్చాడు. ఒక్కొక్కదాన్ని గంటసేపు నడిపాను. నమూనా ఎలా ఉందో ఇవీ అలాగే ఉన్నాయి. అన్నీ చూద్దామంటే రోజు చాలదు. "ఈ మూడు చాల్లే. బిగిచ్చేది ఎవురు మళ్ళ" అన్నాడు మామ. బిగించడం మొదలుపెట్టాం. నమూనా చిప్పులు రెండూ బండ్లవాళ్ళు వెనక్కి తీసుకున్నారు.

మధ్యాహ్నం మామ ఇంకో మాట చెప్పాడు. కొండమీది ఊళ్ళో అత్త ఊపిరితిత్తులకు వైద్యం ఉందట. తెల్లబండ్లలో రెండు సీట్లు దొరికాయట. మూతకాలం అక్కడే ఉండి తలుపు తీశాక వస్తారట. ఆ ఊరు ఎంత చల్లగా ఉంటుందో మేమంతా విన్నవాళ్ళమే. అక్కడ మనుషులు పగటిపూట బయట నడుస్తారు. అత్తకు ఆ గాలి తగలబోతోందంటే నాకు ఏడుపొచ్చింది.

నేను అత్తను వాలుదారి మీద మెల్లగా నడిపించుకుంటూ బండి దాకా తీసుకుపోయాను. ముప్పావుగంట పట్టింది. మామ ఆలోపు గాలిగదిలో ఉండిపోయాడు. యంత్రాల ఆరోగ్యం కనిపెట్టే కాపలా ప్రోగ్రామును నాకోసం సరిచేసి పెడుతున్నానన్నాడు.

మూత 6వ రోజు

నలభై యంత్రాలూ నడుస్తున్నాయి. గాలి లెక్క ఎనిమిది నిమిషాలు. దస్తగిరమ్మ నాకు జొన్నరొట్టె, ఎండుమిరపకాయల కారం పంపింది. కొత్త వీధులవాళ్ళు గాలి తేలికైందని చెబుతున్నారు.

మూత 17వ రోజు

ఆటల సావిడిలో తొమ్మిదో యంత్రం దగ్గర ఇద్దరికి కళ్ళు తిరిగాయి. చూస్తే ఎనభై ఒక్క ఫ్రేములు. తెర మీద కోర్ల వరసలో పదహారో గడి ఖాళీ. పదిహేనే కనిపిస్తున్నాయి. దుమ్మేమో అనుకుని తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాను. పదిహేనే. కాపలా ప్రోగ్రాములో మాత్రం అంతా పచ్చగా ఉంది.

నలభైలో ఒకటి చెడటం వింత కాదు.

మూత 26వ రోజు

ఇవాళ్టికి పద్నాలుగు యంత్రాలు. కొన్నిటిలో రెండు కోర్లు పోయాయి, కొన్నిటిలో నాలుగు. పోయేముందు ఏ చిప్పు అయినా తప్పులు చేస్తుంది, చేసిన తప్పును తనే దిద్దుకుంటుంది, ఆ దిద్దుబాట్లు పెరిగితే కాపలా ప్రోగ్రాము పసుపు దీపం వెయ్యాలి. ఒక్క పసుపు దీపం కూడా పడలేదు. పచ్చగా ఉన్నది ఉన్నట్టుండి చస్తోంది.

బరువు తగ్గించడానికి సావిడిలో సగం యంత్రాలు ఆపేశాను. ఒక ముసలాయన నా దగ్గరికి వచ్చి, "ఆపితే ఆపినావుగానీ, ఎన్నాళ్ళమ్మా?" అని అడిగాడు. తెలీదన్నాను. నన్ను అట్లా అడిగినవాడికి తెలీదని చెప్పడం ఇదే మొదలు.

మామ ఉంటే బాగుండుననుకున్నాను. ఇదంతా తర్వాత సాపు రాస్తుంటే ఈ మాట దగ్గర చెయ్యి రావడం లేదు, కానీ ఆ రోజు అనుకున్నది అదే.

మూత 33వ రోజు

మౌలాలి పోయాడు.

పొద్దున పది గంటల ప్రాంతంలో కొత్త వీధుల లెక్క చేస్తున్న యంత్రంలో, లెక్క సగంలో ఉండగా మూడు కోర్లు ఒకేసారి పోయాయి. లెక్క ఆగి మొదటికొచ్చింది. మళ్ళీ మొదలై ఇంకొకటి పోయింది, మళ్ళీ మొదటికి. జవాబు వచ్చేసరికి ఇరవై ఆరు నిమిషాలు. దస్తగిరమ్మ అప్పటికే అందాజుగా పద్నాలుగో తలుపు తీయమని చెప్పింది. తీయాల్సింది పదిహేడోది. పద్నాలుగు తీయడంతో ఎగువ వీధుల చెడుగాలి అంతా అటే వచ్చింది.

పదకొండు మంది స్పృహ తప్పారు. పది మంది లేచారు. మౌలాలి తలుపు చక్రం పట్టుకునే ఉన్నాడు. చేతులు విడదీయాల్సి వచ్చింది.

దస్తగిరమ్మ ఏడవలేదు. గాలిగదిలోనే ఉంది. తర్వాతి లెక్క వచ్చేదాకా కుర్చీ దిగలేదు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"ఏడు నిమిషాలన్యావు చౌడీ" అంది, నా వైపు చూడకుండా. "రెండు మార్లు ఆడిచ్చినావు. నేను కండ్లారా చూసినా."

మూత 35వ రోజు

సభ ముందే ఒక చిప్పు లోహపు మూత ఊడదీశాను. కింద అంచున తయారీ గుర్తు ఉండాలి. నమూనాలో ఆ గుర్తు చివర "మొదటి తరగతి" అని ఉండటం నా పుస్తకంలో రాసుకున్నాను. దీంట్లో ఆ చోటు ఆకురాయితో గీకేసి ఉంది. ఆరు తీసి చూశాను. ఆరూ గీకినవే. తయారీ పరీక్షలో తప్పిన చిప్పులు ఇవి. కొద్ది రోజులు బాగా నడిచి, బరువు పడితే ఒక్కో కోరూ చచ్చేవి. చూపించడానికి మంచిది ఒకటి, అమ్మడానికి చెడ్డవి నలభై. ఆ నలభైలో పై వరసవి ఓ మూడు మాత్రం మంచివి.

బండ్లవాళ్ళు మోసం చేశారని సభ అంతా అంది. నేనూ అదే అనుకుంటూ గాలిగదికి వెళ్ళి, పసుపు దీపాలు ఎందుకు పడలేదో చూద్దామని కాపలా ప్రోగ్రాము తెరిచాను.

దిద్దుబాట్లు లెక్కపెట్టే భాగం ముందు ఒక గీత ఉంది. దాంతో ఆ భాగం మొత్తం మూగబోయింది. గీత పక్కన తెలుగులో చిన్న మాట: "ఇది వద్దు." మామ ప్రోగ్రాములో ఏది తీసేసినా పక్కన ఆ మాటే రాస్తాడు. నాకూ అలాగే రాయడం నేర్పాడు.

మార్చిన తేదీ, మూతకు ముందురోజు. మార్చిన సమయం, మధ్యాహ్నం రెండూ ఇరవై. ఆ సమయానికి నేను వాలుదారి మీద ఉన్నాను. అత్త నా భుజం మీద చెయ్యి వేసుకుని, మూడో మలుపు దగ్గర ఆయాసం తీర్చుకుంటోంది.

చిప్పులు చెడ్డవని తెలియని మనిషికి ఆ దీపం ఆర్పాల్సిన అవసరం లేదు.

మూత 38వ రోజు

కొండమీది ఊరితో రేడియో పొద్దున ఏడు నుంచి ఎనిమిది దాకా కలుస్తుంది. హుసేనప్ప, నేను కూర్చున్నాం. అవతలి మైకు దగ్గరికి మామ వచ్చాడు.

"ఎట్లుండావు పాపా?" అన్నాడు. అదే గొంతు.

మౌలాలి సంగతి చెప్పాను.

"అయ్యో" అన్నాడు. "మంచోడు."

"మామా, కాపలా ప్రోగ్రాములో దిద్దుబాట్ల లెక్క ఎందుకు తీసేసినావు?"

"అదా. ఊరికే దీపాలు పడి నిన్ను యిసిగిస్తాయని తీసినా."

"చిప్పుల మీద గుర్తు గీకి ఉండాది."

"నాకేమెరిక? పరీక్షించింది నువ్వు. కాగితం మింద ఉండే పేరు నీదే కదా." ఆ తర్వాత మెల్లగా, నాకోసమే అన్నట్టు, "హుసేనప్ప పక్కనుండాడా?" అని అడిగాడు.

హుసేనప్ప రేడియో కట్టేశాడు. నా మొహం వైపు చూశాడు. ఆ చూపులో జాలి సగమే. మిగతా సగం ఏమిటో నాకు అర్థమైంది. గీత మామ గీసి ఉండొచ్చు, నేనూ గీసి ఉండొచ్చు. "ఇది వద్దు" అని ఇద్దరమూ ఒకేలా రాస్తాం.

మూత 40వ రోజు

నీళ్ళ దగ్గర వరసలో నిలబడితే నా ముందు ఒక మనిషి చోటు, వెనక ఒక మనిషి చోటు ఖాళీ వదిలి నిలబడుతున్నారు.

యంత్రాలను నలభై ఐదు వాట్లకు దించాను. కోర్లు చావడం నెమ్మదించింది. ఆటల సావిడి పూర్తిగా మూసి, అక్కడి చిప్పుల్లో బాగున్నవి గాలిగదికి తెచ్చాను. ఒకే లెక్కను పక్కపక్కన రెండు యంత్రాల మీద నడుపుతున్నాం, ఒకటి చస్తే రెండోది చెబుతుంది. పద్నాలుగు నిమిషాలు వస్తోంది. అంచు మీద బతుకుతున్నాం. అత్యవసర ద్వారం దగ్గర వంతులవారీగా మనుషుల్ని కూర్చోబెట్టారు, ఎవరూ పైకి పోకుండా.

మూత 44వ రోజు

ఈ రోజు జరిగింది తడబడకుండా రాయాలి.

అత్తతో మాట్లాడతానని హుసేనప్పను నేనే అడిగాను. ఆయనా, దస్తగిరమ్మా రేడియో గదిలో గోడవారగా కూర్చున్నారు. మాట్లాడొద్దని వాళ్ళకు ముందే చెప్పాను. మామ పనికి పోయే వేళ తెలుసుకుని అప్పుడే పిలిపించాను.

"చౌడీ" అంది అత్త. ఆ ఒక్క మాటలోనే తేడా తెలిసిపోయింది. మధ్యలో ఆయాసం లేదు. "ఈడ పొద్దున్నే మంచు పడతాది తెలుసునా? నిజం మంచు. నేను మెట్లు ఎక్కుతాండా."

సంతోషం అన్నాను. అది అబద్ధం కాదు.

"నామీద కోపమొచ్చిందా నీకు, ఒక్కమారు కూడా మాట్లాడవు? కోపం రావాల్సింది నాకు. నీక్కూడా ఒక సీటు అడిగితే నువ్వు రానంటివంట. పరీక్షలు, పని అంటివంట. మీ మామ చెప్పినాడు. ఒక్కమాట నాతో అనకూడదా?"

నన్ను ఎవరూ అడగలేదు. ఆ నలభై చిప్పులతో పాటు ఆయన నన్ను కూడా వదిలి తలుపు వేయించాడు.

అప్పుడు నేను అడగాల్సింది అడిగాను. గొంతు మామూలుగానే పెట్టాను.

"ఆ సీట్ల సంగతి మీకెప్పుడు చెప్పినారత్తా? నాకు సరిగ్గా గుర్తుకు రావడంల్యా."

"మాఘంలోనే కదా. ఆ తెల్లబండ్లాయన మనింటికొచ్చి కాఫీ తాగిపోయినాడే, ఆ పొద్దు. పరీక్షలో వాళ్ళ ఏనుగు నెగ్గితే సీట్లిస్తామన్యాడంట. ఎవురి ఏనుగో, ఏం నెగ్గేదో నాకేం తెలుసు. మీ మామ నవ్వుకుంటాండె."

నమూనాలు మా ఊరికి వచ్చింది ఫాల్గుణంలో.

దస్తగిరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కుర్చీ కిర్రుమంది. అవతల అత్త ఆగింది.

"చౌడీ. నీ పక్కన ఎవురుండారు?"

నేను హుసేనప్ప వైపు చూశాను.

"ఎవురుండారే? నన్నెందుకు మాట్లాడిచ్చినావు?"

ఎనిమిదైంది. గాలి వేడెక్కి రేడియో దానంతటదే తెగిపోయింది. నేను నిర్దోషినని తేలింది. నన్ను పెంచిన మనిషి నోటితోనే ఆమె మొగుణ్ణి పట్టిచ్చాను. ఆమెకు తెలియకుండా.

మూత 45వ రోజు

సభ. మామ, అత్త ఇద్దరి మీదా కొండమీది ఊరికి ఫిర్యాదు పంపాలని చాలామంది అన్నారు. పంపితే ఆ ఊరు వాళ్ళను ఉంచుకోదు. హుసేనప్ప నన్ను అడిగాడు. నేను చెప్పలేనన్నాను. నష్టపోయిన మనిషి చెప్పాలి అన్నాను.

దస్తగిరమ్మ లేచింది. "ఆయమ్మకు ఏం తెలుసు? తెలిసింటే అంత బాగా మాట్లాడతాదా? ఆయమ్మను మళ్ళీ ఈ దుమ్ములోకి దించొద్దు. ఆయప్పను దించండి. నాకు ఒక తలుపు మనిషి తక్కువుండాడు."

అదే మాట రేడియోలో పంపారు.

మూత 46వ రోజు

నీళ్ళ వరసలో ఇవాళ మనుషులు దగ్గరగా నిలబడ్డారు. ఒకామె నా బిందె కూడా ఎత్తిపెట్టింది. వద్దనలేదు, కానీ ఆ చనువు నాకు రుచించలేదు.

మూత 92వ రోజు

ఉన్న కోర్లు నిలబడ్డాయి. పద్నాలుగు నిమిషాలు. కొన్ని రోజులు పద్నాలుగున్నర. అత్తకు మూడుసార్లు రేడియోలో కబురు పెట్టాను. ఆమె రాలేదు.

తలుపు తీసిన రోజు

మొదటి బండిలో మామ వచ్చాడు. సన్నబడ్డాడు. వాలుదారి అడుగున నేనూ దస్తగిరమ్మా నిలబడ్డాం. ఆయన దస్తగిరమ్మకు చేతులు జోడించాడు. ఆమె తల తిప్పుకుని రెండడుగులు అవతలికి జరిగింది. నా దగ్గర ఆగాడు.

"మీ అత్త బాగుండాది. నాతో మాట్లాడదు" అన్నాడు. ఇంకేం చెప్పాలో తోచక అటూ ఇటూ చూశాడు. మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ ఉన్న మాట ఒక్కటే, చివరికి దానికే వచ్చాడు.

"గజలో ఎన్ని కోర్లు నిలబడినాయి పాపా?"

"తొమ్మిది. కొన్నిట్ల పది."

ఆయన కనుబొమలు పైకి లేచాయి. కళ్ళల్లో నిజమైన ఆశ్చర్యం, పనివాడి సంతోషం కూడా కొంచెం.

"తొమ్మిదా? నేను ఆరే అనుకుంటి."

ఆరు కోర్లతో గాలి లెక్కకు ఇరవై ఒక్క నిమిషాలు. అది ఆయనకు కాగితం మీద వేసి చూడాల్సిన పని కూడా లేదు. ఇరవై ఒక్క నిమిషాలకు ఈ ఊళ్ళో ఎవరు మిగులుతారో కూడా ఆయనకు తెలుసు. మూత పడే రోజున నేను లోపల ఉంటాననీ తెలుసు.

ఆయన ముందుకు నడిచాడు.

"ఏమంటాండాడు?" అని దస్తగిరమ్మ అడిగింది.

చెప్పాను.